నల్లనివన్నీ కడక్‌నాథ్‌లు కావు
పేరు మార్చుకుంటున్న నాటుకోళ్లు – శుద్ధజాతి కొనుగోలులో నష్టపోతున్న రైతులు

తెల్లనివన్నీ పాలనీ, నల్లనివన్నీ నీళ్లనీ నమ్మేవారిని ఉద్దేశించి పుట్టిన సామెత నేడు కోళ్ల సంతకు అచ్చంగా వర్తిస్తున్నది. ఒకప్పుడు మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంత గిరిజన గూడేలు దాటి ఎరుగని కడక్‌నాథ్ కోడికి గత రెండు దశాబ్దాలలో దేశమంతటా గిరాకీ ఏర్పడింది. దానితోపాటే ఆ పేరు చెప్పి ఏదో ఒక నల్లకోడిని అంటగట్టే వ్యాపారమూ విస్తరించింది. అసీల్ పేరిట అసీల్ కానివి, నాటుకోడి పేరిట రంగు బ్రాయిలర్లు అమ్ముడుపోవడం కూడా ఇందులో భాగమే.

కొన్నవాడు మోసపోవడంతో ఈ వ్యవహారం ముగియడం లేదు. రోజు వయసు పిల్లను చూసి జాతిని నిర్ధారించడం అనుభవజ్ఞులకు సైతం కష్టం. అసలు సంగతి తెలిసేసరికి రైతు ఐదారు నెలల మేత, మందులు, శ్రమ ఖర్చుపెట్టి ఉంటాడు. అటువంటి మంద నుంచి పుట్టిన పిల్లలను అతడు కూడా అదే పేరుతో ఇతరులకు అమ్ముతాడు. ఈ విధంగా పేరు ఊరూరా వ్యాపిస్తూ ఉండగా, ఆ పేరుకు మూలమైన జాతి మాత్రం క్రమేపీ పలచబడిపోతున్నది.

పెరటి కోళ్ల పెంపకం నేడు చిన్న విషయం కాదు. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో కోళ్లు, ఇతర పెంపుడు పక్షుల సంఖ్య 85 కోట్లకు పైబడింది. అందులో పెరటి పక్షులు దాదాపు 31 కోట్ల 70 లక్షలు. 2012 నాటి గణనతో పోల్చితే పెరటి పక్షుల సంఖ్య సుమారు 46 శాతం పెరిగింది. చిన్న, సన్నకారు రైతులు, భూమిలేని కూలీలు, స్వయం సహాయక బృందాల మహిళలు పెద్ద సంఖ్యలో ఆధారపడిన రంగం ఇది. కనుక పిల్లల కొనుగోలు దగ్గర జరిగే పొరపాటు భారం మోసేది కూడా వారే.

ఝాబువా నుంచి దేశమంతటికీ

ఝాబువా, అలీరాజ్‌పూర్, ధార్ జిల్లాలలో నివసించే భిల్లు, భిలాలా తెగలవారు తరతరాలుగా కడక్‌నాథ్‌ను పెంచుతున్నారు. మాంసం నల్లగా ఉండడం వల్ల స్థానికులు దీనిని కాలీమాసీ అని కూడా పిలుస్తారు. దీపావళి తరువాత అమ్మవారికి బలి ఇవ్వడానికి ఈ కోడినే శ్రేష్ఠంగా భావించే ఆచారం వారిలో ఉన్నది. మాంసకృత్తులు ఎక్కువ, కొవ్వు తక్కువ అన్న విశ్లేషణలు వెలువడిన అనంతరం నగరాల దృష్టి దీనిపై పడింది. 2019 జనవరిలో ఝాబువా కృషి విజ్ఞాన కేంద్రం భారత క్రికెట్ నియంత్రణ మండలికి లేఖ రాస్తూ, ఆటగాళ్ల ఆహారంలో కడక్‌నాథ్‌ను చేర్చవలసిందిగా సూచించడం వార్తలకెక్కింది.

ఆ మరుసటి సంవత్సరం భారత జట్టు మాజీ సారథి మహేంద్రసింగ్ ధోనీ రాంచీలోని తన వ్యవసాయ క్షేత్రం కోసం 2,000 కడక్‌నాథ్ పిల్లలకు ఝాబువా జిల్లా రైతు వద్ద బేరం కుదుర్చుకున్నారు. అయితే 2021 జనవరిలో ఆ ప్రాంతంలో బర్డ్ ఫ్లూ తలెత్తడంతో పిల్లల సరఫరా ఆగిపోయింది. చివరకు 2022లో గాని పిల్లలు రాంచీకి చేరలేదు. అంతటి ప్రముఖుడు సైతం పుట్టిన చోటనుంచే పిల్లలను తెప్పించుకోవడం, అందుకోసం ఏడాదికి పైగా వేచి ఉండడం ఇక్కడ గమనార్హం. ఝాబువాలో సైతం కోరినప్పుడల్లా దొరకని పిల్లలు, ఎక్కడో దూరాన రోడ్డు పక్క బుట్టలలో ఎల్లవేళలా వేల సంఖ్యలో లభిస్తున్నాయంటే అవి ఎక్కడివన్న సందేహం కలగక తప్పదు.

ఒక్క జన్యువు చేసే మాయ

కడక్‌నాథ్‌లో చర్మం, మాంసం, ఎముకల పైపొర, లోపలి అవయవాలు కూడా నల్లబారి ఉంటాయి. దీనికి కారణమైన జన్యుమార్పును గురించి 2011లో ప్రచురితమైన పరిశోధన కీలక విషయాలు వెల్లడించింది. రంగునిచ్చే కణాల వృద్ధికి తోడ్పడే ఒక జన్యువు ఉన్న భాగం రెట్టింపు కావడమే ఈ నలుపునకు మూలమని తేలింది. చైనాకు చెందిన సిల్కీ, ఇండోనేషియాకు చెందిన అయామ్ చెమానీ కోళ్లలోనూ ఇదే మార్పు ఉన్నది.

కొనుగోలుదారు గ్రహించవలసిన అంశం మరొకటి ఉన్నది. ఈ జన్యులక్షణం బలమైనది. తల్లిదండ్రులలో ఒక్కటే కడక్‌నాథ్ అయినప్పటికీ పిల్లలలో ఎంతో కొంత నలుపు కనిపించే అవకాశం ఉంటుంది. ఆ నలుపును అణచివేసే మరొక లక్షణం ఇతర జాతులలో ఉండడం వల్ల, పుంజు ఏది, పెట్ట ఏది అనే దానిని బట్టి ఫలితం మారుతుంది. కడక్‌నాథ్ పుంజును అటువంటి లక్షణమున్న ఇతర జాతి పెట్టతో కలిపినప్పుడు పుట్టే పెట్టపిల్లలు నల్లగానూ, పుంజుపిల్లలు అంతకంటె తేటగానూ ఉండవచ్చు. సగం రక్తమే కడక్‌నాథ్‌దైన ఆ నల్లని పెట్టలు సంతలో నూటికి నూరుపాళ్లు కడక్‌నాథ్‌లుగా చలామణి కావడానికి ఏ ఆటంకమూ లేదు. కనుక నలుపు ఉన్నంత మాత్రాన శుద్ధజాతి అని నిర్ణయించడానికి వీలులేదు.

మరోవంక, ఈకలన్నీ కాటుకలా ఉంటేనే కడక్‌నాథ్ అనుకోవడమూ పొరపాటే. పూర్తి నలుపు, పెన్సిల్ గీతలవంటి చారలు గలది, బంగారు ఛాయ గలది అని ఈ జాతిలో మూడు రకాలు ఉన్నాయి. ఈకల రంగు కంటె తురాయి, గడ్డం కింది తమ్మెలు, నాలుక, ముక్కు, కాళ్లు, అరికాళ్లు ముఖ్యం. ఇవి ముదురు ఊదా మొదలుకొని పలక నలుపు వరకు ఉంటాయి. ఎర్రని తురాయి, పసుపు కాళ్లు ఉన్న పక్షిని చూపి కడక్‌నాథ్ అంటే నమ్మనవసరం లేదు. ఇక నల్లని గుడ్లను చూపి చేసే ప్రచారం శుద్ధ అబద్ధం. కడక్‌నాథ్ గుడ్డు మీగడ రంగులోనో, లేత గోధుమ రంగులోనో ఉంటుంది.

పెరుగుదల మరొక గుర్తు. ఐదు నెలల వయసుకు కడక్‌నాథ్ కిలో, కిలోంబావు తూగడం మామూలు. ఎదిగిన పుంజు రెండు కిలోల లోపు, పెట్ట కిలోన్నర లోపు ఉంటాయి. ఆరు నెలలకు గాని పెట్ట గుడ్లకు రాదు. ఏడాదికి పెట్టే గుడ్లు వందకు అటూ ఇటుగా ఉంటాయి. ‘మా కడక్‌నాథ్ మూడు నెలలకే రెండు కిలోలు వస్తుంది’ అని అమ్మకందారు గొప్పగా చెప్పినట్లయితే, అది బ్రాయిలర్ రక్తం కలిసిందనడానికి అతడు స్వయంగా ఇచ్చిన సాక్ష్యంగానే తీసుకోవలసి ఉంటుంది.

పేరును నమ్మి పెట్టుబడి

శుద్ధజాతి అన్న మాటకు ఎంత ఆకర్షణ ఉన్నదో మహారాష్ట్ర ఉదంతం తెలియజేస్తున్నది. సాంగ్లీ జిల్లా ఇస్లాంపూర్ కేంద్రంగా పనిచేసిన ఒక సంస్థ, కడక్‌నాథ్ పిల్లలను తామే ఇచ్చి గుడ్లను, కోళ్లను తామే అధిక ధరకు తిరిగి కొంటామని రైతులతో ఒప్పందాలు చేసుకున్నది. కొంతకాలం తరువాత కొనుగోళ్లు నిలిచిపోయాయి. 2019లో రైతులు వీధికెక్కారు. కోట్ల రూపాయల మేర నష్టపోయామన్న ఫిర్యాదులపై పోలీసు కేసులు నమోదయ్యాయి. 2012లో తమిళనాడులోని ఈరోడ్ జిల్లా పెరుందురైలో ఈమూ పక్షుల పెంపకం పేరిట బయటపడిన మోసానికీ దీనికీ పోలిక స్పష్టంగా ఉన్నది. రెండు చోట్లా రైతుకు చెప్పిన లాభం మాంసం మార్కెట్ నుంచి వచ్చేది కాదు. కొత్తగా చేరే రైతుకు పిల్లలను అమ్మడం ద్వారా వచ్చేది. పిల్లలను కొనేవారు కరవైన రోజున వ్యాపారం కుప్పకూలింది.

రంగు పేరు జాతి పేరు కాదు

అసీల్ విషయంలో తికమక మరొక రకమైనది. అసీల్ అనే అరబ్బీ మాటకు అర్థమే స్వచ్ఛమైనది, అసలైనది అని. అసలైనదన్న పేరు గల కోడిలోనే నకిలీలు ఎక్కువ కావడం విచిత్రం. అసీల్‌కు ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా రాష్ట్రాలు పుట్టిళ్లుగా గుర్తింపు పొందాయి. నిటారైన నిలకడ, బలమైన కాళ్లు, పొడవైన మెడ, చిన్న తురాయి, దాదాపు కనిపించని తమ్మెలు, శరీరానికి బిగుతుగా అంటిపెట్టుకున్న ఈకలు దీని లక్షణాలు. ఎదిగిన పుంజు మూడు నుంచి నాలుగు కిలోలు తూగుతుంది. పెట్ట గుడ్లు తక్కువగా పెట్టినా, పొదగడంలోనూ పిల్లలను కాపాడుకోవడంలోనూ దీనికి మంచి పేరున్నది.

తెలుగునాట కోడిని రంగును బట్టి పిలవడం పాత అలవాటు. కాకి, డేగ, నెమలి, సేతువ, పర్ల, మైల, పింగళ వంటి పేర్లు ఈకల వన్నెను తెలిపేవే తప్ప జాతిని తెలిపేవి కావు. డేగ వన్నె అసీల్‌లో రావచ్చు, సంకరపు కోడిలోనూ రావచ్చు. అయితే అమ్మకాలలో ఈ వన్నె పేర్లే జాతి పేర్లుగా మారిపోవడం వల్ల, రంగు సరిపోయిన ప్రతి పుంజూ అసీల్ ధర పలుకుతున్నది. సంక్రాంతి సమయంలో గోదావరి, కృష్ణా జిల్లాలలో పుంజుల ధరలు ఆకాశాన్నంటుతాయి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం కోడిపందేలు నిషిద్ధం. అయినప్పటికీ పందెం ఆశతో విదేశీ పుంజులను తెచ్చి అసీల్ పెట్టలతో కలపడం జరుగుతున్నది. ఆ సంతానం కూడా అసీల్‌గానే అమ్ముడుపోవడంతో అసలు జాతికి ముప్పు వాటిల్లుతున్నది.

దేశీయ జాతులను గుర్తించి నమోదు చేసే బాధ్యత హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ జంతు జన్యు వనరుల సంస్థది. ఇంతవరకు ఆ సంస్థ నమోదు చేసిన కోళ్ల జాతులు సుమారు ఇరవై. వాటిలో అసీల్‌తోపాటు డంకీ, ఘాగస్, కాళాస్తి జాతులకు ఆంధ్రప్రదేశ్‌తో సంబంధం ఉన్నది. డంకీ ఉత్తరాంధ్రది, కాళాస్తి చిత్తూరు, నెల్లూరు ప్రాంతాలది. ఘాగస్ రాయలసీమలోనూ, దానిని ఆనుకొని ఉన్న కర్ణాటకలోనూ కనిపిస్తుంది. కాళాస్తి కోళ్లలో నీలిఛాయ కలిసిన నల్లని ఈకలు సాధారణం. ఈకలు నల్లనైనంత మాత్రాన మాంసం నల్లగా ఉండదు. అటువంటి కోడిని కడక్‌నాథ్‌గా అమ్మితే ఒకేసారి రెండు జాతులకూ అన్యాయం జరిగినట్లు అవుతుంది.

సంకరం తప్పు కాదు, దాచడం తప్పు

సంకరజాతి కోళ్లన్నీ నాసిరకమని దీని అర్థం కాదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలు పెరటి పెంపకానికి ఎంతో ఉపకరించాయి. బరేలీ సమీపంలోని ఇజ్జత్‌నగర్‌లో ఉన్న కేంద్రీయ పక్షి పరిశోధన సంస్థ కడక్‌నాథ్ రక్తంతో కారీ శ్యామను, అసీల్ రక్తంతో కారీ నిర్భీక్‌ను రూపొందించింది. ఇవన్నీ బాహాటంగా సంకరాలని ప్రకటించి, సొంత పేర్లతో ఇచ్చేవే. ఎక్కువ గుడ్లు కోరే కుటుంబానికి శుద్ధ అసీల్ కంటె గ్రామప్రియే మేలు.

సరిహద్దుకు ఆవల బంగ్లాదేశ్‌లో రోడ్ ఐలండ్ రెడ్, ఫయూమీ జాతులను కలిపి రూపొందించిన సోనాలీ కోడి కూడా ఇటువంటిదే. చూపునకు నాటుకోడిని పోలి ఉండడం వల్ల అక్కడి పట్టణాలలో దేశవాళీ కోడి స్థానాన్ని చాలావరకు అది ఆక్రమించింది. సోనాలీని సోనాలీగా అమ్మినంతకాలం ఎవరికీ నష్టం లేదు. నాటుకోడిగా అమ్మినప్పుడే నాటుకోడి పెంచిన పేదరాలి పొట్ట కొట్టినట్లవుతుంది.

సంకరపు కోడితో చిక్కు మరుసటి తరంలో వస్తుంది. తొలి తరం సంకరంలో కనిపించే పెరుగుదల, గుడ్ల సంఖ్య తరువాతి తరంలో నిలకడగా రావు. పిల్లలు రంగులోనూ బరువులోనూ ఒకదానితో ఒకటి పొంతన లేకుండా పుడతాయి. శుద్ధజాతి అయితే తల్లిదండ్రుల లక్షణాలు తరతరానికీ దాదాపు అదే విధంగా దిగుతాయి. పిల్లలను పొదిగించి అమ్ముకోదలచిన రైతు శుద్ధజాతికి ఎక్కువ ధర చెల్లించేది ఈ నిలకడ కోసమే. పేరు మార్చి అమ్మినప్పుడు అతడు పోగొట్టుకునేదీ ఇదే.

చట్టం రక్షించేదెంత?

ఝాబువా కడక్‌నాథ్ నల్లకోడి మాంసానికి 2018 జూలై 30న భౌగోళిక గుర్తింపు లభించింది. అందుకోసం గ్రామీణ వికాస్ ట్రస్టు 2012లోనే దరఖాస్తు చేసుకున్నది. మధ్యలో ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ కూడా ఈ కోడి తమదేనని ముందుకు రావడంతో వివాదం రేగిన సంగతి తెలిసిందే. భౌగోళిక గుర్తింపును తప్పుగా వాడుకున్నవారికి 1999 నాటి చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల రూపాయల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

అయితే ఈ గుర్తింపు మాంసానికి సంబంధించినది. వేరే రాష్ట్రంలోని సంతలో బుట్టలో పెట్టి అమ్మే రోజు వయసు పిల్ల శుద్ధమైనదో కాదో ఇది తేల్చదు. కడక్‌నాథ్‌ను దేశంలో ఎవరైనా పెంచుకోవచ్చు. కనుక భౌగోళిక గుర్తింపు పొందిన జాతి అని అమ్మకందారు చెప్పినంత మాత్రాన ఆ పిల్లలకు ఎవరో పూచీపడ్డారని అనుకోరాదు.

మోసపోయిన రైతుకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కొంత ఆసరా ఇస్తున్నది. వ్యాపారం కోసం కొన్నవారు సాధారణంగా వినియోగదారుల నిర్వచనంలోకి రారు. కాని కేవలం జీవనోపాధి కోసం, స్వయంగా శ్రమించి పెంచుకునేవారికి మినహాయింపు ఉన్నది. ఇందుకు బిల్లు ముఖ్యం. సంతలో చేతికి చేయి మారే నోట్లతో జరిగే బేరానికి బిల్లు ఉండదు, బిల్లు లేనప్పుడు ఫిర్యాదు నిలవడం కష్టం.

కొనేముందు అడగవలసినవి

మొదటగా చూడవలసింది పిల్లలను కాదు, వాటి తల్లిదండ్రులను. ఎదిగిన మందను చూపడానికి ఇష్టపడని అమ్మకందారు వద్ద శుద్ధజాతి ధర చెల్లించడం అవివేకం. మందలో పుంజులన్నీ, పెట్టలన్నీ దాదాపు ఒకే తీరున ఉన్నాయా, కడక్‌నాథ్ షెడ్డు పక్కనే ఇతర జాతుల పుంజులు విడిగా తిరుగుతున్నాయా అన్నది గమనించాలి. సాధ్యమైనంతవరకు ప్రభుత్వ కోళ్ల క్షేత్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, పశువైద్య విశ్వవిద్యాలయాల నుంచి, లేదా అక్కడినుంచి మందను తెచ్చుకున్నట్లు పత్రాలు చూపగల రైతుల నుంచి కొనడం శ్రేయస్కరం. అక్కడ ముందుగా డబ్బు కట్టి నెలల తరబడి వేచి ఉండవలసి రావచ్చు. ఆ నిరీక్షణ ఐదారు నెలల వృథా మేత కంటె చౌక.

బిల్లుపై జాతి పేరుతోపాటు శుద్ధజాతియా, సంకరమా అన్నది, పిల్లలు పొదిగిన తేదీ, వేసిన టీకాలు రాయించుకోవాలి. మారెక్స్ వ్యాధి టీకా హేచరీలో తొలిరోజునే వేయాలి. మొదటి వారంలో కొక్కెర తెగులు టీకా పడాలి. కొత్తగా తెచ్చిన పక్షులను పాత మందలో కలపకుండా రెండు మూడు వారాలు విడిగా ఉంచడం తప్పనిసరి. 2021లో ఝాబువాలో జరిగినట్లు, ఒక్క అంటువ్యాధి తలెత్తితే మంద మొత్తాన్ని సంహరించవలసి వస్తుంది.

పుట్టిన పిల్ల కడుపులో మిగిలి ఉన్న పచ్చసొన బలంతో రెండు మూడు రోజులు మేత లేకుండా ఉండగలదు. ఈ కారణంగానే పిల్లలను పెట్టెలలో దూర ప్రాంతాలకు పంపుతున్నారు. అయితే ఎండ, చలి, ఆలస్యం తోడైతే దారిలోనే చనిపోతాయి. దగ్గరలో దొరికే నమ్మకమైన మందను వదలి, దూరాన ఉన్న ముఖం తెలియని అమ్మకందారుకు సొమ్ము పంపడంలో ఈ ప్రమాదమూ ఉన్నది.

పిల్లలలో సుమారు సగం పుంజులే అవుతాయి. మందకు ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు. మిగిలిన పుంజులను ఏం చేయాలో కొనేముందే ఆలోచించుకోవలసి ఉంటుంది. ఒకే తల్లి పిల్లలను తరతరాలుగా తమలో తమకే కలిపితే పొదుగు శాతం, రోగనిరోధక శక్తి పడిపోతాయి. సంబంధం లేని రెండు మందల నుంచి పిల్లలను తేవడం, రెండేళ్లకొకసారి పుంజును అదే జాతికి చెందిన వేరే మంద పుంజుతో మార్చడం దీనికి విరుగుడు.

నిలవవలసినది పేరొక్కటే కాదు

ఒక కోడిజాతి అంతరించడానికి కరవో, తెగులో రావాలని లేదు. గిరాకీ హెచ్చి, ఆ గిరాకీని అందుకోవడానికి ఏదో ఒకటి కలుపుతూ పోతే చాలు. కొంతకాలానికి ప్రతి ఊరిలోనూ కడక్‌నాథ్ అనే పేరుగల కోడి ఉంటుంది, కడక్‌నాథ్ మాత్రం ఉండదు. అప్పటికి ఝాబువాలోని భిల్లు కుటుంబానికి తన పెరటి కోడివల్ల వచ్చే అదనపు ధర కూడా పోతుంది. ఎందుకంటే అదే పేరుగల వస్తువు అంతకంటె చౌకగా అంతటా దొరుకుతూ ఉంటుంది.

ఈ స్థితిని నివారించే శక్తి కొంతవరకు కొనుగోలుదారు చేతిలోనే ఉన్నది. తల్లి మందను చూపమని అడిగేవారు, బిల్లు కోరేవారు, సంకరాన్ని సంకరం ధరకే కొనేవారు పెరిగినకొద్దీ పేరు మార్చి అమ్మడంలో లాభం తగ్గుతుంది. తన వద్ద ఉన్నది శుద్ధజాతి కాదని తెలిసిన రైతు, దానిని ఆ పేరుతో పొరుగువాడికి అమ్మకుండా ఉండడం కూడా అంతే అవసరం.